గేరు బండీ, మన ‘సహజమైన’ భయమూ

“ఆడవాళ్ళకి బండంటే సహజంగానే భయం” అన్న మాట మన సంస్థల సమావేశాల్లో కూడా వినిపిస్తోంది. పితృస్వామ్యం గురించి గంటలకొద్దీ మాట్లాడే మనం ఈ ఒక్క వాక్యాన్ని మాత్రం ప్రశ్నించకుండా వదిలేస్తున్నాం.

మా భవానీపురంలో మగపిల్లవాడికి పన్నెండేళ్ళు దాటగానే బాబాయి బండి చేతికొస్తుంది. చట్టం ఒప్పుకోదు, అయినా సందుల్లో తిప్పుతాడు, పడతాడు, మోకాలు చీరుకుంటాడు. ఇంట్లో నాలుగు తిట్టి పసుపు రాస్తారు. ఆడపిల్ల పడితే మాత్రం “రేపు పెళ్ళెలా అవుతుంది?” అంటారు. పాతికేళ్ళకి ఉద్యోగం కోసం ఆమె హ్యాండిల్ పట్టుకునే నాటికి అతనికి పుష్కరకాలం సాధన ఉంటుంది. ఆమెకి ఉండేవి అన్నయ్య అరుస్తూ నేర్పిన రెండు ఆదివారాలు. ఈ తేడాకే మనం భయమని పేరు పెట్టుకున్నాం.

నేను నలభై దాటాక గేరు బండి నేర్చుకున్నాను, పున్నమి ఘాట్ దగ్గర, జనం లేని తెల్లవారు వేళల్లో. నేర్పింది మరో స్త్రీ. క్లచ్ మెల్లగా వదులుతుంటే ఇంజను ఎక్కడ అందుకుంటుందో ఎడమచేతికి తెలిసేదాకా ఆక్సిలరేటర్ ముట్టుకోనివ్వలేదు. ముందు చక్రం వైపు చూస్తే బండి తూలుతుంది, వెళ్ళాల్సిన చోటు వైపు చూడమంది. ఆగిన బండిని మళ్ళీ కదిలించడం యాభైసార్లు చేశాక గుండెదడ దానంతటదే తగ్గింది. ఆ తర్వాతే గొల్లపూడి వైపు హైవే ఎక్కాను. అక్కడ లారీల కంటే, పక్కకొచ్చి “ఆంటీ, స్కూటీ కొనుక్కోవచ్చుగా” అని పోయే కుర్రాళ్ళతోనే ఎక్కువ చికాకు.

1988 మోటారు వాహనాల చట్టం లైసెన్సుకి ఆడా మగా తేడా చూపలేదు. కాని 1989 కేంద్ర నిబంధనల్లో 123వది చదవండి. వెనక కూర్చున్న మనిషి బట్టలు చక్రంలో పడకుండా అడ్డు ఉండాలి, పట్టుకోవడానికి పిడి ఉండాలి. మనం చీర గార్డు అనేది దాన్నే. ప్రాణాలు కాపాడే ఏర్పాటే, కాదనను. చీర కట్టిన మనిషి చోటు ఎక్కడని అనుకున్నారో కూడా ఆ కమ్ములే చెబుతున్నాయి.

1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టైలో అక్షరాస్యతా ఉద్యమం, అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్ చొరవతో, సైకిలు తొక్కడాన్ని చదువులో భాగం చేసింది. వేలాది గ్రామీణ స్త్రీలు నేర్చుకున్నారు. లేడీస్ సైకిళ్ళు చాలకపోతే జెంట్స్ సైకిళ్ళే తొక్కారు. కొనుక్కోవడానికి అప్పులూ ఇప్పించారు. అక్కడ ఎవరూ స్త్రీ స్వభావాన్ని చర్చిస్తూ కూర్చోలేదు.

మరి మనం? ఉద్యోగ ప్రకటనలో “ద్విచక్ర వాహనం నడపగలగాలి” అని రాసి, ఎంతోమంది స్త్రీలను దరఖాస్తు దశలోనే ఏరేస్తున్నాం. చేరినవాళ్ళని ఫీల్డుకి మగ సహోద్యోగి వెనక సీటు మీద పంపుతున్నాం. ఎప్పుడు బయల్దేరాలో, బాధితురాలి దగ్గర ఎంతసేపు కూర్చోవాలో అతని వీలునుబట్టే. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో స్త్రీలకి ఆర్టీసీ ప్రయాణం ఉచితమైంది. స్వాగతించాల్సిందే. కాని రాత్రి తొమ్మిదింటికి ఏ లంక గ్రామం నుంచో భర్త కొడుతున్నాడని ఫోనొస్తే ఏ బస్సు ఎక్కుతాం?

ఆత్మవిశ్వాసం మీద ఉపన్యాసాలకి హాలు అద్దె, భోజనాలు, బ్యానరు అంటూ బడ్జెట్ రాస్తున్నాం కదా. వచ్చే ఏడాది ఆ పద్దులో ఒక పాత గేరు బండి, పెట్రోలు, రెండు హెల్మెట్లు, మనిషికి ఇరవై గంటల పని సమయం, నేర్పే స్త్రీకి వేతనం రాయండి. రాసేదాకా ప్రకటనల్లోంచి ఆ షరతు తీసెయ్యండి.