పాట సరిహద్దు దాటింది.. ఓటు దాటలేదు

* గద్దర్ రాజకీయ ప్రయాణం చెప్పే లెక్క
* సభకొచ్చిన జనమంతా బూత్‌కు రారు
* సీటు దక్కినోళ్లకు ప్రశ్న దక్కిందా?

నిడుగల్లు (పావగడ): నంది అవార్డు ఇస్తామంటే వద్దు పొమ్మన్న మనిషి ఆయన. ఇప్పుడు ఆయన పేరు మీదే ప్రభుత్వం సినిమా వాళ్లకు అవార్డులిస్తోంది. నందికి బదులు గద్దర్ అవార్డులిస్తామని తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి 2024 జనవరి 31న ప్రకటించారు. 2025 జూన్ 14న హైదరాబాద్‌లో తొలిసారి వాటిని అందజేశారు. 1995లో వచ్చిన 'ఒరేయ్ రిక్షా' సినిమాలోని పాటకు వచ్చిన నందిని తిరస్కరించిన గద్దర్ దీన్ని చూసి ఏమనేవారో గానీ, చూడ్డానికి ఆయన లేరు. 2023 ఆగస్టు 6న కన్నుమూశారు.

పోయేనాటికి ఆయన వయసు 74. చివరి రోజుల్లో ఆయన చేతిలో ఉన్నది కొత్త పాట కాదు, కొత్త పార్టీ. పెట్టిన పార్టీ ఒక్క ఎన్నిక కూడా చూడకముందే నాయకుడు పోయారు. ఐదు దశాబ్దాలు లక్షల మందిని కదిలించిన గొంతు ఒక్క సీటు కూడా ఎందుకు గెలవలేదు? హైదరాబాద్‌లో వాళ్లకే కాదు, ఓటు కర్ణాటకలో వేసి పాట తెలుగులో వినే మన తాలూకా జనానికీ ఈ ప్రశ్న ముఖ్యమే.

బ్యాంకు నుంచి గజ్జె దాకా..

అసలు పేరు గుమ్మడి విఠల్‌రావు. 1949లో మెదక్ జిల్లా తూప్రాన్‌లో దళిత కుటుంబంలో పుట్టారు. హైదరాబాద్‌లో ఇంజినీరింగ్‌లో చేరి మధ్యలో వదిలేశారు. దర్శకుడు బి.నర్సింగరావు నడిపిన ఆర్ట్ లవర్స్ సంఘంతో పరిచయమైంది. 1972లో జననాట్య మండలి పుట్టింది. స్వాతంత్య్రానికి ముందు అమెరికాలో పంజాబీలు పెట్టిన గదర్ పార్టీ పేరే ఆయన పేరైంది.

1975లో కెనరా బ్యాంకులో ఉద్యోగం. మంగళూరులో పుట్టి బెంగళూరులో హెడ్డాఫీసు పెట్టుకున్న బ్యాంకు అది. నెల జీతం గ్యారంటీ ఉన్న ఆ కొలువును 1984లో వదిలేశారు. ఒంటి మీద గొంగడి, కాలికి గజ్జె, చేతిలో కర్ర.. అదే వేషం. ఒగ్గుకథ, బుర్రకథ, వీధి భాగోతం.. పల్లె జనానికి పుట్టుకతో తెలిసిన పద్ధతులే తీసుకున్నారు. మాట మాత్రం మార్చారు. దేవుడి కథ చెప్పే చోట కూలీ కథ చెప్పారు.

అందుకే ఆ పాటకు చదువు అక్కర్లేకపోయింది. సరిహద్దూ అడ్డం రాలేదు.

ఇక్కడెందుకు వినిపించింది?

పావగడ తాలూకాకు మూడు వైపులా ఆంధ్ర ఊళ్లే. జిల్లా కేంద్రం తుమకూరు పోవాలన్నా మధ్యలో ఆంధ్ర నేల తొక్కాల్సిందే. ఒకప్పుడు చోళ వంశీకులు ఏలిన నిడుగల్లు దుర్గం కింద ఊళ్లలో బడి బోర్డు కన్నడలో ఉంటుంది, ఇంట్లో మాట తెలుగులో నడుస్తుంది. రేషన్ కార్డు ఒక రాష్ట్రం, పెళ్లి సంబంధం ఇంకో రాష్ట్రం. ఓటు, కోర్టు, కరెంటు బిల్లు గీతకు ఇవతలే. సినిమా, సామెత, పాట మాత్రం రెండు వైపులా తిరుగుతాయి.

పైగా గద్దర్ పాడిన కష్టం ఇక్కడ కొత్తది కాదు. వానకు ఎదురుచూసే శెనక్కాయ చేను, ఫ్లోరైడ్ నీళ్లు, పనికోసం బెంగళూరు బస్సెక్కే కుర్రోళ్లు, సొంత సెంటు లేని దళిత వాడ. తెలంగాణ దొర పేరు తీసేసి ఇక్కడి ఆసామి పేరు పెట్టుకుంటే పాట సరిపోతుంది.

ఆ రాజకీయానికి ఇంకో ముఖం ఉంది. దాన్ని కూడా ఈ తాలూకా చూసింది. 2004 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో నక్సలైట్ల చర్చలు జరిగాయి. వాటికి గద్దర్, వరవరరావు, కల్యాణరావు దూతలుగా నిలబడ్డారు. 2005 జనవరికల్లా చర్చలు చెడిపోయాయి. ఫిబ్రవరి 6న చిక్కమగళూరు జిల్లాలో కర్ణాటక మావోయిస్టు నేత సాకేత్ రాజన్ ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. నాలుగు రోజులకే, ఫిబ్రవరి 10 రాత్రి, మన తాలూకా వెంకటమ్మనహళ్లిలో రిజర్వు పోలీసుల క్యాంపుపై దాడి జరిగింది. పోలీసులు ప్రాణాలు కోల్పోయారు. ఆ కేసులో నిందితుడిగా వరవరరావును 2019లో పుణె జైలు నుంచి పావగడ కోర్టుకు తీసుకొచ్చారు.

చనిపోయిన పోలీసులూ పేదింటి బిడ్డలే. పాట విని కళ్లు తుడుచుకున్న ఊరే శవాలనూ చూసింది. గద్దర్‌కు అధికార లాంఛనాలతో అంత్యక్రియలు చేసినప్పుడు పోలీసు కుటుంబాల వైపు నుంచి అభ్యంతరం వచ్చిందంటే కారణం ఇదే. ఆ అభ్యంతరాన్ని కొట్టిపారేయడం కుదరదు.

తుపాకీ నుంచి రాజ్యాంగం వైపు

1985లో ప్రకాశం జిల్లా కారంచేడులో దళితుల ఊచకోత జరిగింది. దానిపై గళమెత్తిన గద్దర్ అదే ఏడాది అజ్ఞాతంలోకి వెళ్లారు. చెన్నారెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా ఆంక్షలు సడలాయి. 1990 ఫిబ్రవరిలో హైదరాబాద్ నిజాం కాలేజీ మైదానంలో ఆయన బయటపడితే జనం ఇసక వేస్తే రాలనంతగా వచ్చారు. ఆ రోజు ఆయన ఎన్నికల్లో నిలబడి ఉంటే ఏమయ్యేదో చెప్పలేం. అప్పటికి ఆయన దృష్టిలో ఎన్నికలు ఒక బూటకం. ఓటు వేయొద్దన్నదే ఆయన పాట.

1997 ఏప్రిల్ 6న ఆయన ఇంట్లోనే కాల్పులు జరిగాయి. డాక్టర్లు తీయలేక వదిలేసిన ఒక తూటాను చనిపోయేదాకా ఒంట్లోనే మోశారు. తెలంగాణ ఉద్యమం ఊపందుకున్నాక 2010లో తెలంగాణ ప్రజా ఫ్రంట్ పెట్టి అధ్యక్షుడయ్యారు. అది ఎక్కువ కాలం ఆయన చేతిలో నిలవలేదు. 2011లో వచ్చిన 'జై బోలో తెలంగాణ' సినిమాలోని ఆయన పాట మాత్రం ఊరూరా మోగింది. ఫ్రంట్ ఎవరికీ గుర్తులేదు, పాట అందరికీ గుర్తుంది.

తర్వాత మావోయిస్టులతో తెగతెంపులు చేసుకున్నట్టు బాహాటంగానే చెప్పారు. అంబేడ్కర్ పేరు, రాజ్యాంగం పుస్తకం మీటింగుల్లో ముందుకొచ్చాయి. 2018లో జీవితంలో తొలిసారి ఓటేశారు. అప్పటికే 70కి దగ్గర పడ్డారు. పాత మిత్రులు కొందరు దిగజారుడన్నారు. ఇన్నాళ్లకు దారికొచ్చాడని ఇంకొందరు మెచ్చుకున్నారు.

2023 జూన్‌లో గద్దర్ ప్రజా పార్టీ రిజిస్ట్రేషన్ కోసం ఢిల్లీలో ఎన్నికల సంఘం గడప తొక్కారు. జులై 2న ఖమ్మంలో కాంగ్రెస్ సభ వేదికెక్కి రాహుల్‌గాంధీని ఆలింగనం చేసుకున్నారు. ఒక చేత్తో సొంత పార్టీ, ఇంకో చేత్తో జాతీయ పార్టీ. ఆయన ఎటు పోతారో తేలకముందే నెల తిరిగేసరికి ఆయుష్షు తీరింది.

జనం వేరు.. బూత్ వేరు

పాటకు వచ్చే జనం ఓటుకు ఎందుకు రారు? దీనికి మూడు లెక్కలున్నాయి.

ఒకటి, పాట అందరిదీ. పాడినాయన ఊరు, కులం, పార్టీ చూడకుండా వింటారు. ఓటు దగ్గరికొస్తే ఇవన్నీ చూస్తారు. రెండోది, సభకు ఒక్క గొంతు చాలు. ఎన్నికకు బూత్ బూత్‌కూ మనిషి కావాలి, స్లిప్పు పంచాలి, ఏజెంటు కూర్చోవాలి, చేతిలో డబ్బు ఆడాలి. మూడోది అన్నిటికన్నా పెద్దది. నలభై ఏళ్లు ఓటు దండగ అని చెప్పిన నోరు, ఇప్పుడు ఓటేయండి అంటే వినేవాళ్లకు సర్దుకోడానికి టైం పడుతుంది. ఆ టైం గద్దర్‌కు దొరకలేదు.

ఆయన కూతురు వెన్నెలకు 2023 చివర్లో సికింద్రాబాద్ కంటోన్మెంట్ టికెట్‌ను కాంగ్రెస్ ఇచ్చింది. ఎస్సీ రిజర్వుడు సీటు, ఆయన ఉన్న ప్రాంతమే, పోయి నాలుగు నెలలు కాలేదు. రాష్ట్రమంతా కాంగ్రెస్ గాలి వీచింది. అయినా ఆమె బీఆర్ఎస్ అభ్యర్థి లాస్య నందిత చేతిలో ఓడారు. సానుభూతి కూడా బూత్ లెక్కను దాటలేకపోయింది. ప్రభుత్వం వచ్చాక వెన్నెలకు తెలంగాణ సాంస్కృతిక సారథి చైర్‌పర్సన్ పదవి దక్కింది.

గెలిచినోళ్ల సంగతి

గెలిచిన పాటగాళ్లూ ఉన్నారు. ధూంధాంతో ఉద్యమాన్ని ఊపిన రసమయి బాలకిషన్ మానకొండూరు నుంచి 2014, 2018లో ఎమ్మెల్యే అయ్యారు. అదీ పావగడ మాదిరే ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. ఆయన వెనక టీఆర్ఎస్ యంత్రాంగం మొత్తం ఉంది. 2023లో పార్టీ ఓడింది, ఆయనా ఓడారు. గోరటి వెంకన్న 2020లో, దేశపతి శ్రీనివాస్ 2023లో ఎమ్మెల్సీలయ్యారు. వాళ్లు జనం ఓటుతో పనిలేకుండా పెద్దల సభకు వెళ్లారు.

కన్నడంలోనూ ఇదే దారి. 'హొలెమాదిగర హాడు'తో దళిత ఉద్యమానికి గొంతు ఇచ్చిన సిద్ధలింగయ్య విధాన పరిషత్తు సభ్యుడిగా రెండు సార్లు ఉన్నారు. అస్సాంలో భూపేన్ హజారికా 1967లో స్వతంత్రుడిగా ఎమ్మెల్యే అయ్యారు. పేరు దేశమంతా మోగాక, 2004లో గువాహటిలో బీజేపీ తరఫున ఎంపీ సీటుకు నిలబడితే ఓడిపోయారు. ఆఫ్రికాలో ఉగాండా గాయకుడు బాబీ వైన్ 2017లో ఉప ఎన్నిక గెలిచి పార్లమెంటుకు పోయారు. 2021 అధ్యక్ష ఎన్నికలో అధికారిక లెక్కల ప్రకారమే 35 శాతం ఓట్లు తెచ్చుకున్నారు. ఆయన వయసులో ఉండగానే దిగారు, ముందు ఒక సీటు గెలిచి తర్వాత పార్టీని కట్టారు. గద్దర్ చేయలేకపోయింది ఇదే.

సీటు ఇచ్చి ప్రశ్న తీసుకుంటే?

తెలంగాణ వచ్చాక సాంస్కృతిక సారథి పేరుతో 550 మంది దాకా కళాకారులకు ప్రభుత్వం కొలువులిచ్చింది. ఏ పూటకాపూట వెతుక్కునే పాటగాడికి నెల జీతం రావడం చిన్న విషయం కాదు. దాన్ని తప్పు పట్టే హక్కు కడుపు నిండినోళ్లకు లేదు. అయితే జీతం ఇచ్చే ప్రభుత్వం పథకాల మీద పాట అడుగుతుంది. నిన్న నీళ్లేవని అడిగిన గొంతే నీళ్లొచ్చాయని పాడాలి. నిజంగా వస్తే మంచిదే. రాకపోతే అడిగేదెవరు?

ఈ ప్రశ్న మన తాలూకాకు దగ్గరిది. తిరుమణి చుట్టూ ఐదు ఊళ్లలో 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు నిలబడింది. భూమి ఉన్న రైతుకు ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయల లెక్కన కౌలు మొదలైంది. వానలేని నేలకు అది మేలే అన్నవాళ్లు చాలామంది. సెంటు భూమి లేక ఆ చేలల్లో కూలికి పోయినవాళ్లకు కౌలూ లేదు, కూలీ పోయింది. గొర్రెలు తోలుకునేవాళ్లకు మేత నేల పోయింది. భూమి ఎవరిది అని గద్దర్ తిరిగి తిరిగి అడిగిన మాట ఇక్కడ సోలార్ పలకల కింద ఇంకా అలాగే ఉంది.

దాన్ని తుపాకీతో అడిగిన దారి ఏమైందో వెంకటమ్మనహళ్లికి తెలుసు. ఓటుతో అడిగే దారి గద్దర్‌కు ఆలస్యంగా దొరికింది. మధ్యలో మిగిలింది పాట. ఎన్నికలొస్తే జీపు మీద మైకు కట్టి హిట్ పాట బాణీకి అభ్యర్థి పేరు తగిలించి పాడించుకునే పార్టీలు ఇవతలా ఉన్నాయి, అవతలా ఉన్నాయి. పాడిన పిల్లోళ్లకు రోజు కూలి ఇచ్చి పంపేస్తారు. గెలిచాక వాళ్లు పంచాయతీ గడపకొస్తే గుర్తుపట్టేవాళ్లుండరు.

అవార్డుకు గద్దర్ పేరు పెట్టడం సులువు. ఆయన అడిగినట్టు అడిగే కొత్త గొంతు రేపు గ్రామసభలో లేస్తే మైకు కట్టేయకుండా ఉండటమే కష్టం. పేరు పెట్టుకున్న ప్రభుత్వాలకైనా, పాట విన్న ఊళ్లకైనా అసలు పరీక్ష అక్కడే.

గద్దర్ ప్రస్థానం

1949: తూప్రాన్‌లో జననం
1972: జననాట్య మండలి
1975: కెనరా బ్యాంకు ఉద్యోగం, 1984లో రాజీనామా
1985: కారంచేడు ఘటన తర్వాత అజ్ఞాతం
1990: నిజాం కాలేజీ మైదానంలో బహిరంగ సభ
1997: ఇంటి వద్ద కాల్పులు
2004: శాంతి చర్చల్లో దూత
2010: తెలంగాణ ప్రజా ఫ్రంట్
2018: తొలిసారి ఓటు
2023: గద్దర్ ప్రజా పార్టీ, ఆగస్టు 6న మృతి
2025: ఆయన పేరిట తొలి సినిమా అవార్డులు