పసుపు కాగితం చెప్పేది, చెప్పనిది

దిష్టి నీళ్లు ఎందుకు ఎర్రగుంటయి? మహిమ వల్ల కాదు. సున్నం క్షారం, క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది. నిమ్మరసం పిండితే మళ్లీ పచ్చబడుతుంది. నిమ్మరసం ఆమ్లం కాబట్టి. తెల్ల కాగితానికి పసుపు రాసి ఆరబెడితే పరీక్ష కాగితం తయారు. మందారపూల రసమైతే ఆమ్లంలో ఎర్రగా, క్షారంలో ఆకుపచ్చగా మారుతుంది. ఖర్చు లేని ఈ పాఠాన్ని కూడా మన పిల్లలు బట్టీ పట్టాల్సిందేనా?

పటాన్‌చెరు, బొల్లారం, ఖాజీపల్లి చుట్టుపక్కల పల్లెలకు ఇది మార్కుల పాఠం కాదు, బతుకు పాఠం. 1970ల నుంచి ఇక్కడ వెలిసిన మందుల, రసాయనాల కంపెనీల మురుగు నక్కవాగులో పడి మంజీర దిక్కు పారింది. బాయిలు పాడైనయి, పంటలు పోయినయి. 1990లో ఈ గోడు సుప్రీంకోర్టుకెక్కింది.

నీళ్లలో ఆమ్లమెంత, క్షారమెంత అన్నది పీహెచ్ అనే అంకెతో కొలుస్తరు. 7 అంటే రెండూ సమానం. ఒక్క అంకె తగ్గితే ఆమ్లం పది రెట్లు పెరిగినట్టు. 7 నుంచి 4కు దిగితే వెయ్యి రెట్లు. తాగే నీళ్లకు 6.5 నుంచి 8.5 దాకా ఉండాలని ప్రమాణం.

కానీ ఈ అంకె చూసి మోసపోవద్దు. ఆమ్లపు మురుగులో సున్నం పోస్తే అంకె 7కు వస్తది. కానీ ఆమ్లం, క్షారం కలిసి లవణం అయితది. అది నీళ్లలో కరిగి చేలకు చేరుతది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తల పరిశోధన వెలువడింది. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చిన లీటరు నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ మందు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని తేల్చింది. దాన్ని ఏ పసుపు కాగితమూ పట్టియ్యదు.

కాబట్టి పంతుళ్లు బాయి నీళ్లు, నల్లా నీళ్లు తెప్పించి పిల్లల ముందే పరీక్ష చెయ్యాలె. కంపెనీ కాల్వ నీళ్లు మాత్రం పిల్లలతో ముట్టించొద్దు. తేదీ, బాయి, రంగు నోటుబుక్కులో రాసి గ్రామసభలో చదవాలె. లవణాలు, లోహాలు, మందుల లెక్కలు కాలుష్య నియంత్రణ మండలిని అడగాలె. 2005 సమాచార హక్కు చట్టం అందుకే ఉంది.

1927లో మహాడ్‌లో బాబాసాహెబ్ చౌదార్ చెరువు నీళ్లు తాగి, నీళ్లు ముట్టే హక్కును చాటిండు. ముట్టిన నీళ్లలో ఏముందో తెలుసుకునే హక్కూ మనదే. అది బడిలోనే మొదలు కావాలె.

జై భీమ్!