మోటరు సంగతి తర్వాత, ముందు టైర్ల సంగతి తేల్చండి

ఆర్‌సీ కార్ల పిచ్చి ఉందని తెలియగానే మన ఐటీ జనాలు అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "మోటరు ఏది వేశావ్?" రెండోది బ్యాటరీ గురించి. మూడోది "వంద దాటుతుందా?" అని. టైర్ల గురించి అడిగినవాణ్ణి నేనింతవరకూ చూళ్ళేదు. నాకైతే ఇది సర్వర్ నెమ్మదిగా ఉందని ర్యామ్ పెంచుకుంటూ పోయి, అసలు టేబుల్‌కి ఇండెక్స్ ఉందో లేదో చూడకపోవడంలా అనిపిస్తుంది. రోజూ ఆఫీసులో చూసే భాగోతమే కదా :-)

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. టూరింగ్ కారంటే మామూలు సెడాన్ ఆకారంలో ఉండే పదో వంతు సైజు కారు. ఎలక్ట్రిక్ వాటికి వెడల్పు 190 మిల్లీమీటర్లు, నాలుగు చక్రాలకీ డ్రైవ్ ఉంటుంది. తారు మీదో, లోపల పరిచిన కార్పెట్ మీదో పరిగెత్తడానికి చేసింది, మట్టిలోకి పనికిరాదు. చక్రం కూర్చునే చోట ఆరు మూలల ముక్క ఒకటుంటుంది, దాని కొలత 12 మిల్లీమీటర్లు. దాదాపు అన్ని కంపెనీలదీ అదే కొలత కాబట్టి జపాన్ తమియా కారుకి ఇంకో కంపెనీ చక్రం హాయిగా పడుతుంది. (మన ఫోన్ ఛార్జర్లకి ఈపాటి బుద్ధి రావడానికి ఎన్నేళ్ళు పట్టిందో గుర్తుందిగా!)

ఇక అసలు విషయం. మోటరు ఎంత లాగినా, సర్వో ఎంత తిప్పినా, బ్రేకు ఎంత బిగించినా అదంతా నేలకి చేరేది నాలుగు చిన్న రబ్బరు మచ్చల గుండానే. అక్కడ పట్టు లేకపోతే పైనున్నదంతా దండగ. పట్టు లేని కారుకి పెద్ద మోటరు వేస్తే వేగం రాదు, బొంగరం అవుతుంది. అందుకే కొత్తగా ఈ రొంపిలోకి దిగే ప్రతివాడికీ నేను చెప్పేది ఒకటే. కిట్‌తో వచ్చిన మోటరు అలాగే ఉంచండి, మొదటి డబ్బు టైర్ల మీద పెట్టండి.

సరే, ఏ టైర్లు? ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తున్నారు. యూట్యూబ్‌లో జర్మనీవాడు కార్పెట్ మీద తిప్పిన టైరు చూసి అదే ఆర్డర్ పెడతారు. వాడి నేల వేరు, వాడి చలి వేరు. ఇంకొకడి హార్డ్‌వేర్ మీద వచ్చిన బెంచ్‌మార్క్ చూసి మనం మెషిన్ కొన్నట్టు.

మాది మొగుడంపల్లి. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు మండలమైంది, అంతకుముందు జహీరాబాద్ మండలంలో ఒక ఊరు. జహీరాబాద్‌లో మహీంద్రా వాళ్ళ ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ఉంది కాబట్టి మావైపు చక్రాల గురించి మాట్లాడేవాళ్ళకి కొదవ లేదు. ట్రాక్టరు తోలేవాళ్ళని గమనించండి. హెచ్‌పీ ఎంత అన్నది కొనేనాటి మాట, పని మొదలుపెట్టేనాడు అడిగేది "ఏ చెలకల?" అనే. వరి మడి దమ్ము చెయ్యాలంటే ఇనుప కేజ్ వీల్స్ కావాలి. అవే చక్రాలతో తారు రోడ్డెక్కితే రోడ్డు చీరుకుపోతుంది, పోలీసులు కేసు పెడతారు. ఇంజను అదే, బండి అదే, నేల మారింది కాబట్టి చక్రం మారింది. ఇరవై నాలుగేళ్ళు ట్రాక్టరు తోలిన మా కాకకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. బీటెక్ చదివిన మనకే పేజీలకి పేజీలు రాసి చెప్పాల్సొస్తోంది.

మేం కార్లు తిప్పేది ఊరి బయట ఒక వెంచర్‌లో. ప్లాట్లింకా అమ్ముడుపోలేదు, తారు రోడ్లు మాత్రం తయారు. రియల్ ఎస్టేట్ వల్ల నాకు జరిగిన ఏకైక మేలు ఇదే. శని ఆదివారాలు హైదరాబాద్ నుంచి వెళ్ళి వాచ్‌మన్‌కి చాయ్ పోయిస్తే చాలు. ఒకసారి మా కాక వచ్చి చూశాడు. కారు ఎత్తి టైరు మీద బొటనవేలితో నొక్కి, "గీ దుబ్బల గీ టైర్లు ఏం పట్టుకుంటయ్‌రా? ముందుగాల ఊడ్వుండ్రి" అన్నాడు. దుబ్బ అంటే దుమ్ము. మావైపు నేల ఎర్రటిది, గాలి వీస్తే ఆ ఎర్ర దుమ్మంతా వచ్చి రోడ్డు మీద పరుచుకుంటుంది. గీతలు లేని నున్నటి స్లిక్ టైరుకి దుమ్ము అంటితే పౌడరు రాసుకున్నట్టే. అప్పట్నించి పొద్దున్నే అరగంట చీపుర్లతో ఊడ్పు, ప్రతి రన్నుకీ ముందు తడిగుడ్డతో టైర్లు తుడవడం తప్పనిసరి అయ్యాయి. మా ల్యాప్ టైములు బాగుపడింది మొదట చీపురుతోనే, ఆ తర్వాతే టైరుతో :-)

రబ్బరు టైర్ల మీద 28, 32, 36, 40 లాంటి అంకెలుంటాయి. అంకె పెరిగేకొద్దీ రబ్బరు గట్టిది, వేడి ట్రాక్‌కి పనికొచ్చేది. రబ్బరు చల్లగా ఉంటే పట్టదు, ఒక వేడి దాకా పట్టు పెరుగుతుంది, అది దాటితే జిడ్డు రాసినట్టు జారిపోతుంది. మే నెలలో గాలి 42 డిగ్రీలుంటే తారు 60 దాటడం మన దగ్గర వింతేం కాదు. ఆ వేడిలో మెత్తటి 28 వేస్తే మొదటి రెండు నిమిషాలు బ్రహ్మాండం, తర్వాత సబ్బుముక్క. పైగా మా వెంచర్ రోడ్డు మీద కంకర చిప్స్ తేలి ఉన్నాయి, గీకే రోడ్డు. మెత్తటి టైరు దాని మీద పెన్సిల్ రబ్బరులా అరిగిపోతుంది. కాబట్టి మన ఎండలకి, మన రోడ్లకి 36 అనేది నా ఓటు. డిసెంబరు పొద్దుట పూట కాస్త జారుతుంది, నిజమే. ఆ నాలుగు వారాల కోసం ఇంకో సెట్టు కొనడం అనవసరం.

లోపల ఉండే ఇన్సర్ట్ గురించి ఎవరూ మాట్లాడరు. ఈ టైర్లలో గాలి కొట్టరు. లోపల స్పాంజి లాంటి రింగు ఉంటుంది, టైరు ఆకారాన్ని మోసేది అదే. చవక స్పాంజి కొన్నాళ్ళకి అణిగిపోతుంది. పైన రబ్బరు కొత్తగానే కనిపిస్తుంది, కారు మాత్రం మలుపులో ఒరిగిపోతుంది. అచ్చులో పోసిన మోల్డెడ్ ఇన్సర్ట్ ఉన్నవి కొంటే ఎక్కువ కాలం నిలుస్తాయి. అలాగే టైరుని చక్రానికి అంటించేది మనకి తెలిసిన ఫెవిక్విక్ జాతి జిగురే. అంటించడం సరిగ్గా కుదరకపోతే టైరు వంకరగా కూర్చుని కారు వణుకుతుంది. అందుకే కంపెనీ వాళ్ళే అంటించి ఇచ్చే ప్రీగ్లూడ్ సెట్లు నయం. కార్పెట్ మీద తిప్పేవాళ్ళు ముందు టైర్ల బయటి అంచుకి కూడా ఇదే జిగురు పూస్తారు, పట్టు మరీ ఎక్కువై కారు పల్టీ కొట్టకుండా. మా దుబ్బలో ఆ భోగం లేదు లెండి.

చక్రాల విషయం తొందరగా ముగిస్తాను, ఎందుకంటే మన స్థాయిలో తేడా తక్కువ. అందంగా చువ్వలున్న చక్రం కన్నా బల్లపరుపుగా మూసేసిన డిష్ చక్రం గట్టిది, దుమ్ము తుడవడం కూడా తేలిక. కొన్ని పాత కిట్ల చక్రాలు 26 మిల్లీమీటర్ల వెడల్పు, రేసు టైర్లు 24 వాటికి. కొనేముందు స్కేలు పెట్టి కొలవండి. ఆఫ్‌సెట్ ఎక్కువున్న చక్రాలు వేస్తే కారు వెడల్పు 190 దాటిపోతుంది, స్టీరింగ్ కూడా బరువెక్కుతుంది. ఇంకో ముఖ్యమైన మాట, ఫోర్ వీల్ డ్రైవ్ కారులో ముందు వెనక టైర్ల వ్యాసం ఒకటే ఉండాలి. లేకపోతే ముందు చక్రాలొక దూరం, వెనక చక్రాలొక దూరం వెళ్దామని చూస్తాయి, మధ్యలో బెల్టు నలిగిపోతుంది.

గేరింగ్ లెక్కలు వేసేవాళ్ళు కూడా టైరుని మర్చిపోతుంటారు. 64 మిల్లీమీటర్ల టైరు ఒక చుట్టు తిరిగితే 201 మిల్లీమీటర్లు పోతుంది. అదే అరిగి 61 అయితే 192 కన్నా తక్కువ. అంటే గేరు ముట్టుకోకుండానే దాదాపు 5 శాతం మారిపోయింది. రబ్బరు టైర్లు అంతగా అరగవు గానీ, నైట్రో కార్లకి వాడే ఫోమ్ టైర్లతో ఇది ప్రతి రేసులోనూ చూడొచ్చు. అందుకే వాళ్ళు లేత్ లాంటి మెషిన్ మీద టైర్లు చెక్కుకుంటూ కూర్చుంటారు.

ఇంతవరకూ చెప్పింది ఒక మనిషి తన కారుకి ఏం కొనుక్కోవాలన్నది. నా అసలు గొడవ వేరే. ఒక గుంపుగా రేసు పెట్టుకున్నప్పుడు టైరు ఎంపిక ఎవరిష్టం వాళ్ళకి వదలకూడదు అంటాను. అందరికీ ఒకే టైరు, ఒకే అంకె. దీనిమీద మా గుంపులో రెండు నెలలు కొట్టుకున్నాం.

మేం ఆరుగురం. నలుగురం ఐటీ. మిగతా ఇద్దరూ ఊరి పిల్లలు, ఒకడు పాలిటెక్నిక్, ఒకడు ఇంటర్. ఇంటర్ పిల్లాడు మా అందరికన్నా బాగా తోల్తాడు, కారు మాత్రం సెకండ్‌హ్యాండ్ తమియా. ప్రీగ్లూడ్ సెట్టు బయటి దేశాల్లో పాతిక ముప్ఫై డాలర్లు ఉంటుందనుకోండి. దానికి షిప్పింగ్, ఆపైన కస్టమ్స్. బొమ్మల మీద సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. మనం ఎంత సీరియస్ రేసింగ్ అని చెప్పుకున్నా కస్టమ్స్ వాళ్ళ కంటికి ఇది బొమ్మే. మాలో ఒకడు ప్రతి రెండు వారాలకీ కొత్త సెట్టు దించేవాడు. కొత్త టైరుకి పట్టు ఎక్కువ, అందుకని గెలిచేవాడు. ఇంటర్ పిల్లాడు ఒకరోజు నన్ను పక్కకి పిలిచి, "అన్నా, మోటర్ మారిస్తే గానితోని ఉరుకుతదా?" అని అడిగాడు. లేదురా, నీకు లేనిది మోటరు కాదు, నాలుగు వేల రూపాయలు అని ఎలా చెప్పను?

మా ఎదుటి పార్టీ వాదన కూడా కొట్టిపారేసేది కాదు. "టైరు ఎంపిక కూడా నైపుణ్యమే, అది తీసేస్తే ఇక నేర్చుకునేదేముంది?" అన్నారు. దానికి నా జవాబు. ఎంపిక నైపుణ్యం అవ్వాలంటే అందరి ముందూ ఒకే అల్మరా ఉండాలి. ఒకడికి అల్మరా నిండా, ఇంకొకడికి ఒక్కటే ఉంటే అది పర్సు. పైగా టైరు ఒకటే అయినప్పుడు స్ప్రింగులు, కాంబర్, డ్యాంపర్ నూనె, తోలే చెయ్యి ఇవన్నీ ఇంకా స్పష్టంగా బయటపడతాయి. ఒక్క వేరియబుల్ కదలకుండా పెడితేనే కదా మిగతావి కొలవగలం.

ఇదేదో పేదవాళ్ళ సర్దుబాటు అనుకోకండి. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఇ రేసు గుర్తుందా? జాన్ ఎరిక్ వెర్న్ గెలిచినది. అందులో అన్ని టీములకీ హాంకూక్ వాళ్ళ టైరు ఒక్కటే. ఎండకీ వానకీ కూడా అదే, గీతలున్న టైరు. ఆ సీజన్‌లో డ్రైవర్లు టైరు గట్టిగా ఉంది, పట్టు లేదు అని సణిగారు. సణగనివ్వండి, అందరికీ ఒకేలా జారింది కదా. (2024 రేసు రద్దయింది, ఆ కథ వేరే.) ఇక ఫార్ములా వన్‌లో టైర్ల పోటీ ఎంతదాకా వెళ్ళిందంటే, 2005లో ఇండియనాపోలిస్‌లో మిషెలిన్ టైర్లు ఏటవాలు మలుపుని తట్టుకోవని తేలి, 14 కార్లు ఫార్మేషన్ ల్యాప్ అవగానే లోపలికి వెళ్ళిపోయాయి. ఆరు కార్లే రేసు చేశాయి. అప్పటికి నేను రెండో తరగతో మూడో తరగతో, తర్వాత వీడియోలో చూశాను, జనం గోల గోల. 2007 నుంచి అక్కడా ఒక్క కంపెనీ టైరే. ఆర్‌సీ పెద్ద పోటీల్లో కూడా నిర్వాహకులే టైర్లు చేతికిచ్చే పద్ధతి ఎప్పట్నించో ఉంది.

అన్నట్టు, ఎంఆర్ఎఫ్ 1946లో మొదలైంది బొమ్మ బెలూన్లు చేస్తూనేనట. వాళ్ళు ఒక్కసారి మళ్ళీ బొమ్మలవైపు చూసి పదో వంతు టైరు ఒకటి పోస్తే ఈ కస్టమ్స్ బాధ తప్పేది.

చివరికి మా గుంపులో నాలుగు రెండు ఓట్లతో నెగ్గింది. ఇప్పుడు నియమం ఇది. ఒకే కంపెనీ 36 నంబరు ప్రీగ్లూడ్ సెట్టు, మనిషికి ఆరు నెలలకి రెండు. కొన్నరోజే చక్రం లోపలివైపు తెల్ల పెయింటు పెన్నుతో సంతకం. టైరు చిరిగితే వాడినదాంతోనే మార్చాలి, కొత్తది వేయకూడదు. టైర్లకి పూసే పట్టు రసాయనాలు బంద్, తడిగుడ్డ ఒక్కటే. ఆర్డర్ అందరిదీ కలిపి ఒకేసారి పెడతాం, షిప్పింగ్ ఆరు ముక్కలవుతుంది. రెండు వారాలకో సెట్టు మార్చినవాడు మొదట అలిగాడు గానీ, ఇప్పుడు డ్యాంపర్ నూనె గురించి అందరికన్నా ఎక్కువ వాడే చదువుతున్నాడు. ఇంటర్ పిల్లాడు మొన్న రెండు రేసులు గెలిచాడు, మూడోదాంట్లో నేను :-)

వానాకాలం టైరు గురించి మాత్రం ఇంకా తేలలేదు. ఇద్దరు గీతల టైరు కావాలంటున్నారు, నేను వాన పడితే కార్లు ఇంట్లోనే పెడదాం అంటున్నాను. ఎలక్ట్రానిక్స్ తడిస్తే టైరు ఏదైనా ఒకటే. ఈలోగా వెంచర్‌లో ఏడు ప్లాట్లు అమ్ముడయ్యాయని వాచ్‌మన్ చెప్పాడు. వెడల్పుగా, ట్రాఫిక్ లేని తారు రోడ్డు జహీరాబాద్ చుట్టుపక్కల ఎవరికైనా తెలిస్తే చెప్పండి. అలాగే మీ దగ్గర వాడేసిన 36 సెట్లు మూలన పడి ఉంటే పారేయకండి, కొరియర్ ఖర్చు నాది. మా పాలిటెక్నిక్ కుర్రాడి క్లాసులో ఇంకో ఇద్దరు కార్లు కొనే ఆలోచనలో ఉన్నారు.