బంతికి మార్కులు వేసేముందు లేన్ మీది నూనె చూడాలి

టెన్‌పిన్ బౌలింగ్ లేన్ చూడటానికి నున్నటి చెక్క బాటలా ఉంటుంది. ఫౌల్ లైన్ నుంచి మొదటి పిన్ దాకా 60 అడుగుల పొడవు, మూడున్నర అడుగులకు కాస్త తక్కువ వెడల్పు. దాని మీద నూనె ఉందన్న సంగతి సరదాకి ఆడేవాళ్లలో చాలామందికి తెలియదు. ఫౌల్ లైన్ దాటి వేలితో తడిమితే తెలుస్తుంది కానీ, అలా దాటితే నిర్వాహకులు ఊరుకోరు. బూట్లకు నూనె అంటుకుంటే జారి పడేది కూడా ఆటగాడే. యంత్రంతో పూసే ఆ నూనె ఒక లేన్‌కు దాదాపు 20 నుంచి 30 మిల్లీలీటర్లు, అంటే నాలుగైదు చెంచాలు. రెండు వందల డాలర్ల బంతి గొప్పగా తిరుగుతుందా, దండగైపోతుందా అన్నది చాలావరకు ఆ నాలుగైదు చెంచాలే తేలుస్తాయి.

అయినా కొత్త బంతి మార్కెట్లోకి రాగానే జరిగే చర్చలో నూనె ప్రస్తావన చివర్లో ఎక్కడో వస్తుంది. ముందు వచ్చేది ఒక అంకె: ‘హుక్’, అంటే వంపు, పదికి ఎంత? ఈ అంకె అర్థం లేనిది. ఏ లేన్ మీద, ఎవరు, ఎంత వేగంతో వేస్తే వచ్చిందో చెప్పకుండా బంతికి మార్కులు వేయడం, ఏ గదిలో తీసుకున్నారో చెప్పకుండా ఉష్ణోగ్రత రాసిపెట్టడం లాంటిది.

వంపు ఎందుకు కావాలో ముందు చూడాలి. కుడిచేతి ఆటగాడు ఒక్క బంతితో పది పిన్నులూ పడగొట్టాలంటే ఒకటో, మూడో పిన్నుల మధ్య సందులోకి కొట్టాలి. బంతి అక్కడికి ఆరు డిగ్రీల కోణంలో ప్రవేశిస్తే స్ట్రైక్ అవకాశం ఎక్కువని అమెరికా బౌలింగ్ సంస్థ యూఎస్‌బీసీ పరీక్షల్లో తేలింది. లేన్ అంచు నుంచి తిన్నగా వేసిన బంతికి మహా అయితే ఒకటిన్నర డిగ్రీల కోణమే దక్కుతుంది. లేన్ అంత ఇరుకు. మిగతా కోణం వంపు నుంచి రావాలి. వంపు ఘర్షణ నుంచి రావాలి.

ఆటగాడు బంతిని వదిలేటప్పుడు వేళ్లతో దానికి పక్కకు తిప్పు ఇస్తాడు. బంతి ముందుకు జారుతూ ఉంటుంది, తిరగడం మాత్రం మరో దిశలో. లేన్‌ను తాకే చోట జరిగే ఈ జారుడును ఘర్షణ అడ్డుకుంటుంది. ఆ అడ్డుకునే బలంలో పక్కకు పనిచేసే భాగమే బంతిని వంచుతుంది. జారుడు పూర్తిగా ఆగి బంతి దొర్లడం మొదలుపెట్టాక ఘర్షణకు పెద్దగా పని ఉండదు. బంతి అప్పుడున్న దిశలోనే తిన్నగా పోతుంది. భౌతికశాస్త్ర లెక్కల్లో సాధారణంగా వాడే ఘర్షణ గుణకాలు నూనె మీద 0.04, పొడి చోట 0.2. తేడా ఐదు రెట్లు. సరదా ఆటల లేన్లలో నూనె సుమారు 40 అడుగుల దాకా ఉండి అక్కడితో ఆగిపోతుంది. బంతి ఆ దూరాన్ని ఒకటిన్నర సెకన్లలో దాదాపు జారుతూనే దాటేసి, చివరి 20 అడుగుల పొడి నేల తగలగానే మలుపు తీసుకుంటుంది.

ఇక్కడే ఖరీదైన బంతి విషయంలో తలకిందులు జరుగుతుంది. రియాక్టివ్ రెసిన్ పైపొరకు సన్నటి రంధ్రాలుంటాయి. అది నూనెను పీల్చుకుంటుంది. దాన్ని గరుకుగా రుద్దితే ఆ గరుకు మొనలు నూనె పొరను చీల్చుకుని లేన్‌ను పట్టుకుంటాయి. నూనె దట్టంగా, పొడవుగా ఉన్న లేన్‌లో ఇది వరం. అదే బంతిని నూనె ఎండిపోయిన లేన్ మీద వేస్తే ముప్పయ్యో అడుగు దగ్గరే వంగి, జారుడంతా ఖర్చు చేసుకుని, పిన్నుల దగ్గరికి నీరసంగా దొర్లుకుంటూ వస్తుంది. తగలాల్సిన చోటే తగిలినా మూల పిన్ నిలబడే ఉంటుంది. ఆ లేన్‌లో పాత తరం పాలియురేథేన్ బంతి దీనికన్నా బాగా కొడుతుంది. ఏది ‘హై పెర్ఫార్మెన్స్’ అన్నట్టు?

పైపొర సంగతి ఆటగాళ్లకు కొత్త కాదు. 1973లో అమెరికన్ ప్రొఫెషనల్ డాన్ మెక్‌క్యూన్ పాలియెస్టర్ బంతులను రసాయనంలో నానబెట్టి, పైపొరను మెత్తబరచి, ఆ ఏడాది ఆరు టైటిళ్లు గెలిచాడు. లోపలి నిర్మాణం ఏమీ మారలేదు, పై చర్మం మారిందంతే. ఆ తర్వాతే బంతి కాఠిన్యానికి కింది హద్దులు వచ్చాయి. 1990ల తొలి ఏళ్లలో రియాక్టివ్ రెసిన్ వచ్చి ఆటను మళ్లీ మార్చింది. యూఎస్‌బీసీ 2000ల రెండో సగంలో చేసిన బంతి చలన అధ్యయనం కూడా అదే మాట చెప్పింది: పరిశీలించిన అనేక అంశాల్లో బంతి కదలికను అన్నిటికన్నా ఎక్కువగా ప్రభావితం చేసేది ఉపరితలపు గరుకుదనం. ప్రకటనల్లో మాత్రం బంతిని సగానికి కోసి, లోపలి కోర్‌ను రంగురంగుల్లో చూపిస్తారు. కోర్‌కు పని లేదని కాదు. దాని ఆకారం వల్ల తిరిగే అక్షం కొద్దికొద్దిగా జరిగి, ప్రతి చుట్టులోనూ నూనె అంటని కొత్త చోటు లేన్‌కు తగులుతుంది. వేసి వచ్చిన బంతి మీద పక్కపక్కనే కనిపించే నూనె వలయాలు దానికి సాక్ష్యం. కానీ కొద్ది నిమిషాల్లో ఒక రాపిడి పలకతో మార్చుకోగల పైపొర ముందు, మార్చలేని కోర్‌కు అంత ప్రచారం అవసరమా?

కాబట్టి ఒక బంతిని అంచనా వేయాలంటే కనీసం మూడు లేన్లు కావాలి. ఒకటి సరదా ఆటల లేన్: నడుమ నూనె ఎక్కువ, అంచుల్లో బాగా తక్కువ. ఇది ఆటగాడి తప్పులను క్షమించే ఏర్పాటు, కాబట్టి బంతి లోపాలను కూడా దాచేస్తుంది. రెండోది 45 అడుగులు దాటిన పొడవు నూనె, మూడోది 35 అడుగుల చుట్టుపక్కల ఆగిపోయే పొట్టి నూనె. ప్రొఫెషనల్ పోటీల్లో ఇలాంటి నమూనాలకు షార్క్, చీతా లాంటి జంతువుల పేర్లు పెడతారు. ఆటగాళ్లకు ఒక నోటిలెక్క ఉంది: నూనె పొడవులోంచి 31 తీసేస్తే, బంతి అంచు నుంచి ఎన్నో పలక దగ్గర నూనె దాటాలో వస్తుంది. 40 అడుగులైతే తొమ్మిదో పలక. మొత్తం పలకలు 39. నమూనా మారితే గురి పెట్టే చోటే మారిపోతుంది. ఒక్క నమూనా మీద తీసుకున్న ఫలితాన్ని మరోదానికి అంటగట్టడం కుదరదు.

పైగా లేన్ నిలకడగా ఉండదు. వేసిన ప్రతి బంతీ కొంత నూనెను పీల్చుకుంటుంది, కొంత ముందుకు ఈడ్చుకుపోతుంది. పొద్దున తాజా నూనె మీద పరీక్షించిన బంతిని మూడో గేములో మళ్లీ వేసి చూడాలి. బంతీ మారుతుంది: గరుకు అరిగి మెరుపెక్కుతుంది, రంధ్రాలు నూనెతో నిండుతాయి. పెట్టె విప్పిన రోజు తీసిన వీడియోకి కొన్ని పదుల గేముల తర్వాతి బంతి సాక్ష్యం చెప్పదు.

వేసేవాడి సంగతి ఇంకా చిక్కు. యూఎస్‌బీసీ దగ్గర ‘ఎర్ల్’ అనే రోబో ఉంది; వేగం, తిప్పు, కోణం ఒకేలా ఉంచి ఎన్నిసార్లయినా వేస్తుంది. రెండు బంతులను పోల్చడానికి అంతకన్నా న్యాయమైన చేయి దొరకదు. కానీ నెమ్మదిగా, ఎక్కువ తిప్పుతో వేసే మనిషికి ‘బలమైన’ బంతి, వేగంగా, తక్కువ తిప్పుతో వేసే మనిషి చేతిలో ముందుకే జారిపోతుంది. సమీక్షకుడు రోబో కానక్కర్లేదు. తన వేగం, నిమిషానికి చుట్లు, బంతి గరుకు, లేన్ మీది నూనె పొడవు, ఈ నాలుగూ చెబితే చదివేవాడు తన లెక్క తాను సరిచూసుకుంటాడు.

దుకాణంలో నిలబడ్డ మనిషికి ఇంత వివరం ఎందుకు, ఒక అంకె చాలదా అనేవారున్నారు. భారతదేశంలో కారు కొనేవారికి కూడా ఒక్క మైలేజీ అంకే కనిపిస్తుంది, నిజమే. కానీ ఆ అంకె వెనక అన్ని కార్లకూ ఒకే నిర్ణీత పరీక్షా చక్రం ఉంది. బంతుల హుక్ అంకెల వెనక అలాంటిది లేదు. ఒక్కో కంపెనీది ఒక్కో కొలబద్ద. ఇక క్రికెట్ అభిమానులకు ఈ సంగతి చెప్పే పనే లేదు. డ్యూక్స్ బంతి స్వింగవుతుందా అని అడిగితే, పిచ్ చూడకుండా, ఆకాశం చూడకుండా ఎవరూ జవాబివ్వరు.

హైదరాబాద్, బెంగళూరు మాల్స్‌లో అందరికీ ఇచ్చే రంగురంగుల బంతులు ఎక్కువగా నున్నటి పాలియెస్టర్‌వి. నూనె ఉన్నా లేకున్నా అవి దాదాపు తిన్నగానే పోతాయి. అందుకే ఐదారు ఖరీదైన బంతులు మోసుకొచ్చే ప్రొఫెషనల్ సంచిలో కూడా ఇలాంటి చవక బంతి ఒకటి ఉంటుంది. మూలన ఒంటరిగా మిగిలిన పదో పిన్‌ను కొట్టాల్సి వచ్చినప్పుడు అతను బయటికి తీసేది దాన్నే.