అన్నం మానేసే ముందు అమ్మ మాత్రల పట్టీ చూడండి

మన గ్రూపులో ఒక చెల్లెలు మొన్న అడిగింది: "అక్కా, వీరమాచనేని డైట్ ఎవరైనా చేశారా? ఇక్కడ కొబ్బరి నూనె ఏ షాపులో మంచిది?" సాయంత్రానికి జవాబులు బోలెడు వచ్చాయి. ఒకామె ఎనిమిది కిలోలు తగ్గానంది, ఇంకొకామె జుట్టు రాలిపోయిందంది. నేను జర్మనీలో నర్సుని, వార్డులో షుగర్ పేషెంట్లని రోజూ చూస్తాను. గ్రూపులో రెండు ముక్కల్లో తేలే విషయం కాదని ఇక్కడ రాస్తున్నా.

2017, 18 ప్రాంతంలో విజయవాడ నుంచి వీరమాచనేని రామకృష్ణ గారి పద్ధతి మన తెలుగు ఇళ్ళన్నీ చుట్టేసింది. రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, 3 నిమ్మకాయలు, 4 లీటర్ల నీళ్ళు, 2 మల్టీవిటమిన్ మాత్రలు. అన్నం, ఇడ్లీ, చపాతీ, పళ్ళు బంద్. ముందుగా ఆయనకి ఇవ్వాల్సిన మార్కులు ఇచ్చేద్దాం. మూడు పూటలా పళ్ళెం నిండా అన్నం తినే మనవాళ్ళ చేత "అసలు మనం ఎంత అన్నం తింటున్నాం?" అని అడిగించాడు. అది చిన్న విషయం కాదు.

బరువు తగ్గుతారా అంటే తగ్గుతారు. కానీ మొదటి వారం కాంటా చూసి మురిసిపోకండి. ఒంట్లో దాచుకున్న పిండి పదార్థం ఖర్చవుతుంటే దాన్ని పట్టుకుని ఉన్న నీరు కూడా పోతుంది. ఆ రెండు మూడు కిలోల్లో ఎక్కువ భాగం నీరే. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు 609 మందిని ఏడాది పాటు గమనించి 2018లో ఫలితాలు చెప్పారు. పిండి పదార్థం తగ్గించినవాళ్ళు సగటున 6 కిలోలు, కొవ్వు తగ్గించినవాళ్ళు 5.3 కిలోలు తగ్గారు. అంటే చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండు జట్లకీ చెప్పిన మాట ఒకటే: కూరగాయలు బాగా తినండి, చక్కెర, మైదా తగ్గించండి.

ఇక షుగర్ తగ్గిపోతుందా? ఇందులోనూ నిజం ఉంది. బ్రిటన్‌లో 2017లో వచ్చిన ఒక అధ్యయనంలో, బాగా తక్కువ కేలరీల ఆహారంతో బరువు తగ్గించినవాళ్ళలో 46 శాతం మందికి ఏడాది తర్వాత మందులు లేకుండానే షుగర్ అదుపులో ఉంది. రెండో ఏడాదికి అది 36 శాతానికి వచ్చింది. అక్కడ వాళ్ళు తాగింది నెయ్యీ కొబ్బరి నూనే కాదు. మాత్రలు ఆపింది కూడా వాళ్ళ డాక్టర్లే, దగ్గరుండి చూసుకుంటూ. మన ఫార్వర్డుల్లో జారిపోయేది సరిగ్గా ఈ ముక్కే.

మా ఇంట్లో జరిగింది చెప్తాను. ఊళ్ళో ఉన్న మా అమ్మ ఎవరి పద్ధతీ పూర్తిగా పాటించలేదు, తనంతట తనే అన్నం మానేసింది. గ్లిమెపిరైడ్ మాత్ర మాత్రం మానలేదు. ఆ మాత్ర పని ఇన్సులిన్ ఊరించడం, తిన్నా తినకపోయినా. ఒక మధ్యాహ్నం వంటింట్లో చెమటలు పట్టి కూలబడింది. పక్కింటి పిన్నిగారు పంచదార నీళ్ళు పట్టబట్టి సరిపోయింది. తప్పు ఇంకెవరిదో కాదు, నాదే. రోజూ వీడియో కాల్‌లో "సన్నబడ్డావమ్మా" అని సంబరపడ్డాను గానీ, "డాక్టరుకి చెప్పావా?" అని ఒక్కసారి అడగలేదు. నర్సునై ఉండి!

ఇంకో మాత్రతో ఇంకో ప్రమాదం. పేరు చివర "గ్లిఫ్లోజిన్" అని ఉండే మాత్రలు ఇప్పుడు ఇక్కడా అక్కడా బాగా వాడుతున్నారు. అవి వేసుకుంటూ అన్నం, రొట్టె పూర్తిగా మానేస్తే రక్తంలో యాసిడ్ పెరిగిపోవచ్చు. మిషన్‌లో షుగర్ పెద్దగా పెరిగినట్టు కనపడకపోవచ్చు కాబట్టి ఇంట్లో ఎవరూ పట్టుకోలేరు. వాంతులు, ఆయాసం వస్తే నేరుగా ఆసుపత్రికే. గుండె బలహీనంగా ఉండి నీళ్ళు కొలిచి తాగమన్నవాళ్ళకి 4 లీటర్లు అసలు పనికిరావు. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు, కిడ్నీ జబ్బున్నవాళ్ళు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు సొంతంగా మొదలుపెట్టనే వద్దు.

కొబ్బరి నూనె సంగతి. 2018లో ఫ్రైబుర్గ్‌లో ఒక ప్రొఫెసరమ్మ ఉపన్యాసంలో దాన్ని విషంతో పోల్చేసరికి జర్మనీ అంతా గోల. ఆ మాట అతిగానే ఉంది, మన పులుసులో స్పూను నూనె విషం కాదు. కానీ అందులో ఎనభై శాతానికి పైగా సంతృప్త కొవ్వే, చెడ్డ కొలెస్ట్రాల్‌ని పెంచుతుంది. 100 గ్రాములు తాగితే 900 కేలరీలు. దాన్ని మందులా తాగమనడం నాకు ఒప్పుదల కాదు.

ఆడవాళ్ళం మాట్లాడుకోని మాట కూడా ఒకటుంది. ఆయన డైట్ మొదలుపెడితే ఆ ఇంట్లో రెండు వంటలు. పిల్లలకి పప్పన్నం, ఆయనకి పనీరు, మాంసం. డ్యూటీ దిగొచ్చి రెండు పొయ్యిల ముందు నిలబడేది మనం. నలుగురూ కలిసి తినలేని తిండి మూడు నెలలకి మించి ఏ ఇంట్లో నిలుస్తుంది?

మరి ఏం చేయాలంటారా? పళ్ళెంలో సగం కూర, పావు వంతు పప్పో గుడ్డో చేపో, పావు వంతే అన్నం. క్వార్క్ మన పెరుగు పచ్చడికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. సాయంత్రం బ్రెడ్డు, కేకుల మీద చెయ్యి తగ్గించండి. 35 దాటితే మూడేళ్ళకోసారి ఇక్కడ ఉచితంగా చెకప్ ఉంది, షుగర్, కొలెస్ట్రాల్ చూస్తారు. మన ఫ్యామిలీ డాక్టర్ కాగితం రాసిస్తే ఆహార నిపుణురాలి సలహాకి అయ్యే ఖర్చులో కొంత క్రాంకెన్‌కాసె వాళ్ళు ఇస్తుంటారు, ముందే అడిగి కనుక్కోండి. అయినా అన్నం బాగా తగ్గించే చూస్తానంటారా, చూడండి. మాత్రలు వాడుతుంటే మాత్రం డాక్టరుకి చెప్పి, మోతాదు మార్పించుకున్నాకే.

ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు "తిన్నావా అమ్మా?" తర్వాత ఇంకొకటి అడగండి: "నీ మాత్రల పట్టీ ఒకసారి కెమెరా ముందు పెట్టు." గ్రూపులో వచ్చే ఏ డైట్ చార్టు కన్నా అది ముందు చూడాల్సింది.