'ఖబర్' కాదు, 'ఖబరాఁ'!



గోదావరిఖనిలో మన నౌజవాన్లు కొందరు వెబ్‌సైటు పెడుతున్నారు, మాషా అల్లాహ్! జనాజా నమాజు ఎన్ని గంటలకు, స్కాలర్‌షిప్ ఫారాలకు ఆఖరి తారీఖు ఏది, ఎవరికి రక్తం కావాలి, అన్నీ అందులో ఉంటాయట. అంతా ఖాయమైంది, అడ్రసుకు పేరే తేలలేదు. 'ఖబర్' అనాలా, 'ఖబరాఁ' అనాలా? వాహిదా, జమానా?

'ఖబర్' వైపు వాళ్లవి రెండు దలీల్‌లు. చిన్న పేరైతే యాదుంటుంది. పైగా 'ఖబరాఁ' సహీ ఉర్దూ కాదు, చదువుకున్నోళ్లు నవ్వుతారు.

మొదటిదానికి జవాబు మన కళ్లముందే ఉంది. సింగరేణి ఒక్క ఊరి పేరు. కంపెనీ మాత్రం 1920లో 'కాలరీస్' అని జమాలోనే పేరు పెట్టుకుంది. దాని వెబ్‌సైటు అడ్రసులోనూ 'మైన్స్' అనే ఉంది, 'మైన్' అని లేదు. దాన్ని ఎవరైనా మర్చిపోయారా? బాయిలు ఎన్నో ఉన్నప్పుడు ఒక్క బాయి అనడం ఝూట్.

నన్ను గుచ్చేది రెండోది. ఉర్దూ మీడియం బడిలో నేను 'కితాబాఁ' అని రాస్తే ఉస్తాద్ ఎర్ర సిరాతో కొట్టేసి 'కితాబేఁ' అని దిద్దేవారు. అమ్మీ జబాన్ గలత్ అని ఆ రోజు నమ్మాను. అది గలత్ కాదు, దక్కనీ అని తెలియడానికి ఏళ్లు పట్టింది.

సహీ ఉర్దూ సంగతే చూద్దాం. అరబ్బీలో 'ఖబర్'కు జమా 'అఖ్బార్'. దాన్ని వాహిద్ చేసి పేపరుకు పేరు పెట్టుకున్నాం. 'అఫ్వాహ్' అంటే అరబ్బీలో నోళ్లు, మనకేమో ఒక్క పుకారు. వీటికి నవ్వనివాళ్లు అమ్మీ 'ఖబరాఁ'కు ఎందుకు నవ్వాలి?

అసలు మాట వేరే ఉంది. బయటి మీడియాకు మన గురించి ఎప్పుడూ ఒకటే ఖబర్. గొడవైతే వస్తారు, ఎలక్షన్లకు వస్తారు. బాయి దిగే అబ్బా, కాంట్రాక్టు పనిలో ఉన్న భాయ్, మిషన్ కుట్టే ఆపా, నీట్ రాసే బేటీ, ఎవరి ఖబర్ వాళ్లది. మనం కూడా 'ఖబర్' అని బోర్డు పెడితే వాళ్ల లెక్కే ఒప్పుకున్నట్టు.

బేటా, ఒక్క అక్షరం తేడా వచ్చినా ఇంటర్నెట్‌కు అది వేరే ఇల్లు. దొరికితే రెండూ కొనండి. 'ఖబర్' తలుపు తట్టినవాళ్లను 'ఖబరాఁ' ఇంట్లోకి పంపండి. దర్వాజా మీద బోర్డు మాత్రం అమ్మీ జబాన్‌లోనే ఉండనివ్వండి.