దెబ్బతో తెలుగు రాదు

నేను చదివింది తమిళ మీడియం. తెలుగు రాయడం పెద్దయ్యాక నేర్చుకున్నాను. తప్పులుంటే మన్నించండి. విషయానికి మాత్రం మన్నింపు అడగను.

పోయిన మీటింగులో, మన ఆదివారం తెలుగు క్లాసులో ఒక పిల్లవాణ్ణి స్కేలుతో కొట్టిన మాట వచ్చింది. ఒక పెద్దాయన "అడియాద మాడు పడియాదు" అన్నారు. కొట్టని గొడ్డు లొంగదని అర్థం. అందరూ నవ్వారు. అయ్యా, పిల్లవాడు గొడ్డా?

"మనం దెబ్బలు తినే బాగుపడలేదా?" అంటారు. దెబ్బల వల్ల బాగుపడ్డామా, దెబ్బలు తిన్నా బాగుపడ్డామా? ఆలోచించండి.

భయపడితే ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ పెరుగుతుంది. ఎప్పుడో ఒకసారి అయితే మళ్ళీ సర్దుకుంటుంది. రోజూ దెబ్బలూ తిట్లూ అయితే ఆ ఏర్పాటే గాడి తప్పుతుంది. మెదడులో హిప్పోకాంపస్ అని ఒక భాగం ఉంది. కొత్తగా నేర్చుకున్నది గుర్తుండడానికి అదే ఆధారం. చిన్నప్పుడు హింసకు గురైన పెద్దవాళ్ళలో అది సగటున చిన్నదిగా ఉన్నట్టు స్కాన్లలో కనబడింది. అపాయాన్ని పసిగట్టే అమిగ్డలా మాత్రం అతిగా ఉలిక్కిపడుతుంది. అంటే, ఒత్తులు నేర్పాలని కొట్టి, ఆ ఒత్తులు నిలవాల్సిన చోటునే చెడగొడుతున్నాం.

ఇది ఎక్కడో విదేశం సంగతి కాదు. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో విచారిస్తే, ప్రతి ముగ్గురు పిల్లల్లో ఇద్దరు దెబ్బలు తిన్నవాళ్ళే. బడిలో కొట్టకూడదని 2009 విద్యాహక్కు చట్టం చెప్పింది. మన క్లాసు బడి కన్నా హీనంగా ఉండాలా?

నేను మంచివాణ్ణని ఇది రాయడం లేదు. డ్యూటీ దిగి ఇంటికొచ్చి, మార్కులు చూసి బెల్టు తీసినవాణ్ణే. నా కొడుక్కి ఇప్పుడు 40 ఏళ్ళు. నేను ఫ్యాను స్విచ్చి వేయడానికి చేయి ఎత్తినా వాడి తల పక్కకు తిరుగుతుంది. వాడికే తెలియకుండా తిరుగుతుంది. నాకు తెలుస్తుంది.

చిన్న వయసులోనే ఆదరణ దొరికితే మెదడు చాలావరకు కోలుకుంటుందంటారు డాక్టర్లు. అందుకే ఆలస్యం వద్దంటున్నాను.

వచ్చే మీటింగులో తీర్మానం పెడుతున్నాను. మన క్లాసులో స్కేలు గీతలు గీయడానికే. ఎక్కడైనా పిల్లల మీద హింస కనబడితే 1098కి ఫోన్ చేయాలి, ఇంటి గుట్టని దాచకూడదు. ఒప్పుకోనివాళ్ళు లేచి కారణం చెప్పండి. సామెత చెప్పకండి.